రెండు గడ్డాల నడుమ నా నౌకరి

నేను ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా అయిపోలేదు. అయినా నా నౌకరి అంతా కాలేజీలోనే గడిచింది. "మాయన ఎన్నేండ్లు కాలేజికి పోయిండో మీకేం తెల్సు" అని నా భార్య పెళ్లిళ్లలో పదిమందికి చెప్తుంటుంది. పోయింది అటెండరుగా అన్న ముక్క మాత్రం మింగేస్తుంది.

మొన్న ఆ కాలేజీలోనే కొత్తగా చేరిన ఇద్దరు పడుచు లెక్చరర్ల సంగతి చెవిన పడింది. ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుంటారట. మాటల్లేవట. ఏమైనా చెప్పాలంటే ఫోనులో మెసేజీ పెట్టుకుంటారట. నాకు నవ్వాగలేదు. మా కాలంలో ఆ ఫోను పని ఒక మనిషి చేసేవాడు. ఆ మనిషిని నేనే. చార్జింగు చాయ్‌తో అయ్యేది. ఇది ఆ ఇద్దరి కోసం రాస్తున్నాను. మిగతావాళ్లు పక్కన నిలబడి వినవచ్చు.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. మా కాలేజీ అప్పుడు జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కన, ఒక పాత అల్లం గోదాములో నడిచేది. గోదాము సెక్రటరీది, కాలేజీ కూడా ఆయనదే. చెరకు తోటలున్న పెద్ద ఆసామి. ఊరంతా పటేలు అనే పిలిచేవాళ్లు. గోదాములోంచి అల్లం తీసేసి పిల్లలను నింపారు గానీ ఘాటు మాత్రం పోలేదు. వానాకాలంలో ఏ పాఠం విన్నా గొంతులో గరగర. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా లెక్చరర్లు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగి, లారీ పోయాక మళ్లీ అక్కడినుంచే అందుకునేవాళ్లు.

సమాజశాస్త్రం చెప్పడానికి ఇద్దరుండేవాళ్లు. ఇద్దరూ టెంపరరీయే. ఇద్దరూ పొద్దున్నే నున్నగా గీసుకుని వచ్చేవాళ్లే. కానీ గోడ మీద ఫొటోల్లో చెరొక గడ్డమాయన ఉండేవాడు. పరదేశపు పండితులట, సమాజం ఎట్లా నడుస్తుందో విప్పి చెప్పినవాళ్లట. వాళ్ల పేర్లు పలకబోతే నా నాలుక మడతపడేది. అందుకని నేను ఒకాయనను పెద్ద గడ్డం అన్నాను, ఇంకొకాయనను చిన్న గడ్డం అన్నాను. వాళ్లను పట్టుకున్నవాళ్లు పెద్ద గడ్డం సారు, చిన్న గడ్డం సారు. ఈ పేర్లు పిల్లలు పెట్టారని సార్లు చివరిదాకా అనుకున్నారు.

నాకు అర్థమైనంతలో తగాదా ఇది. మనిషి ఎట్లా సంపాదిస్తాడో అట్లాగే ఆలోచిస్తాడని పెద్ద గడ్డం మాట. కాదు, దేన్ని నమ్ముతాడో, ఎట్లా ఆలోచిస్తాడో దాన్నిబట్టే సంపాదన అని చిన్న గడ్డం మాట. మా ఇంట్లోనైతే నేను ఏం ఆలోచించినా సంపాదన అంతే ఉండేది, ఎంత సంపాదించినా నా భార్య ఆలోచన అంతే ఉండేది. కాబట్టి నేను ఏ పార్టీలోనూ చేరలేదు.

పెద్ద గడ్డం సారుది రాయికోడ్ వైపు పల్లె. తండ్రి ఎద్దులను అమ్మి చదివించాడు. లోకమంతా కడుపు చుట్టూ తిరుగుతుందని గంటసేపు వాదించి, ఆ వాదనలో తన టిఫిన్ డబ్బా తెరవడం మరిచిపోయే మనిషి. చిన్న గడ్డం సారువాళ్లు కర్ణాటక వైపు నుంచి వచ్చి బజారులో కిరాణా కొట్టు పెట్టినవాళ్లు. ఇంట్లో కన్నడం, మెడలో లింగం. పని చేయడమే పూజ అని నమ్మే కుటుంబం. ఆయన చాయ్ గ్లాసు వేరు, స్టీలుది, ఇంటినుంచి తెచ్చుకున్నది. ఎంగిలి అన్న మాట వింటేనే ఒళ్లు జలదరించే మనిషి. లోకమంతా నమ్మకం మీదే నడుస్తుందని పాఠం చెప్పేవారు గానీ, ధర అడగకుండా బఠానీ గింజ కూడా ముట్టేవారు కాదు.

వీళ్లిద్దరికీ మాటలు ఎట్లా పోయాయంటే, చేరిన మొదటి ఏడు స్టాఫ్ మీటింగులో చిన్న గడ్డం సారు లేచి, తనవాడు ఎంత గొప్పవాడో చెప్తూ, "మా ఆయన జీవితమంత మీ ఆయనకు జవాబు చెప్పుకుంటనే గడిపిండు" అన్నారు. గొప్పగానే అన్నారు పాపం. పెద్ద గడ్డం సారు వెంటనే అందుకున్నారు.

"అంటే మావాడు వండకుంటె మీవానికి తినేదానికే లేకుండె అన్నట్టు."

"మావాడు మీవాని ఎంగిలి తిన్నడంటవా?"

"నేనెక్కడన్న? నువ్వే అంటివి."

అంతే. ఆ రోజునుంచి ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, వీపు వీపు పెట్టుకుని కూర్చున్నారు. చిక్కేమిటంటే ఇద్దరికీ వాదన లేనిదే చాయ్ దిగదు. అందుకని నన్ను నడుమ పెట్టుకున్నారు.

"ఇగో, ఆయనకు చెప్పు" అని మొదలయ్యేది. ఆయన అంటే చేయి చాపితే తగిలేంత దూరంలో ఉన్న మనిషి. అన్నీ వినబడుతూనే ఉంటాయి. అయినా నేను పళ్లెం పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి పోయి చెప్పేదాకా వినబడనట్టే. నేను మోసుకుపోయిందే అన్నట్టు, మోసుకుపోనిది అననట్టు. ఎవరూ రాసిపెట్టని కానూను అది. కానీ ప్రిన్సిపాలు పెట్టిన కానూన్లకంటే గట్టిగా నడిచింది.

ఒక రోజు నమూనా చూపిస్తాను.

"ఆయనకు చెప్పు" అన్నారు పెద్ద గడ్డం సారు. "ఉత్పత్తి సంబంధాలే పునాది, ఆలోచనలు దాని మీద లేచిన గోడలు. ఈ మాత్రం తెల్వనోడు పాఠాలు బంజేసి కొట్ల జీలకర్ర పొట్లాలు కట్టుకొమ్మను."

నాకు అంత పొడుగు మాట నోట్లో పట్టదు. జీలకర్ర అసలే పనికిరాదు. బల్ల తిరిగి పోయాను.

"సార్, ఆ సారు ఏమంటున్రంటె, అల్లం ఏసినోని ఆలోచన అల్లం లెక్కనే ఉంటదట, జొన్న ఏసినోనిది జొన్న లెక్కనే ఉంటదట. ఏసేది మారితె మనిషి మారుతడట."

చిన్న గడ్డం సారు స్టీలు గ్లాసు పక్కన పెట్టారు. "మాట బాగనే ఉంది. ఆయన గింత మంచిగ అని ఉండడు."

"నా ముందటనే అన్నరు సార్."

"సరె, ఆయనకు చెప్పు. ఎన్నడు ఎయ్యని అల్లం మొదటిసారి ఎయ్యాల్నంటె దమ్ము గావాలె గదా, ఆ దమ్ము భూమిల మొలుస్తదా? మనసుల మొలుస్తది. గది అర్థం గావాల్నంటె బుర్ర ఉండాలె."

బుర్ర సంగతి దారిలో దించేసి, దమ్ము మాత్రం అందించాను. ఇట్లా ఏళ్ల తరబడి వాళ్ల తిట్లన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఇప్పటికీ నాకు కోపమొస్తే మంచి మంచి చదువుకున్న తిట్లు వస్తాయి.

ఇందులో ఒక తమాషా జరిగింది. ఒకరోజు చాక్‌పీసులు ఇవ్వడానికి పెద్ద గడ్డం సారు క్లాసుకు పోతే, ఆయన పిల్లలతో అంటున్నారు, "పెట్టుబడి ఒక్కటే సాలదు, దమ్ము గూడ ఒక పెట్టుబడే" అని. బయటికి వచ్చాక అడిగాను.

"సార్, దమ్ము మాట ఆ సారుది గదా."

"ఆయనదెందుకైతది? మొన్న నువ్వు చెప్పినవ్."

"నేను చెప్పింది ఆ సారు చెప్పిందే సార్."

"నువ్వు చెప్పినవా లేదా?"

"చెప్పిన."

"అయిపాయె. అయితె నీదే."

ఇంకో వారం చిన్న గడ్డం సారు క్లాసులో జొన్నలెక్క మనిషి, అల్లంలెక్క మనిషి వినబడ్డారు. అడిగితే అదే జవాబు. ఎదుటివాడి ఎంగిలి ముట్టరు గానీ అదే అన్నం నా పళ్లెంలో వస్తే ప్రసాదంలాగా తింటున్నారన్నమాట. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే పళ్లెం మూతపడుతుంది.

దసరా ఒకటి చెప్పి అసలు రోజుకు వస్తాను. ఆయుధపూజకు నేను గంటకు, బీరువాకు, కుర్చీలకు బొట్లు పెట్టి, గోడ మీది రెండు గడ్డాలకు కూడా బొట్టు పెట్టి బంతిపూల దండలు వేశాను. పెద్ద గడ్డం సారు వచ్చి చూసి తల పట్టుకున్నారు.

"ఆయనకు దేవుడే లేడంటె బొట్టెట్ల పెడ్తవ్?"

"కుర్చీకి గూడ దేవుడు లేడు సార్. దానికి పెట్టలేదా?"

వెనకనుంచి చిన్న గడ్డం సారు మొట్టమొదటిసారి పైకి నవ్వారు. "ఆయనకు చెప్పు, నమ్మకమంటె ఎంత బలమున్నదో ఇప్పుడన్న సూడమను."

"ఆయనకు చెప్పు, బంతిపూలు పండించిన కూలోళ్లకు పండుగ పూట ఏం ముట్టిందో అడుగుమను."

దండలు మాత్రం ఎండిపోయేదాకా ఎవరూ తీయలేదు.

ఇక అసలు రోజు. ఒక సబ్జెక్టుకు ఇద్దరెందుకని పటేలుకు అనుమానం వచ్చింది. ఒకరిని పర్మనెంటు చేసి ఒకరిని పంపేస్తానన్నాడు. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరును పిలిపించాడు. ఇద్దరూ చెరొక అర్ధగంట పాఠం చెప్పాలి, ఆయన విని సలహా ఇవ్వాలి, పటేలు తేల్చాలి.

పెద్ద గడ్డం సారుకు అప్పటికే కోహీర్‌లో సంబంధం ఖాయమైంది. సగమే ఖాయమైంది. పర్మనెంటు అయిన రోజు ముహూర్తం పెట్టుకుందామని పిల్ల తండ్రి అన్నాడు. ఆ మాట అని ఏడాది దాటింది, పిల్లకు ఇంకో సంబంధం వచ్చి గుమ్మంలో కూర్చుంది. సారుకు ఆ పిల్ల అంటే ఇష్టం. చూపుల నాడు ఆమె ఆయనను ఒకే ప్రశ్న అడిగిందట, అన్నం తిన్నారా అని. అన్నం తినడం మరిచే మనిషికి ఇంకేం కావాలి? చిన్న గడ్డం సారుకు పెళ్లీ పిల్లలూ అయిపోయాయి. కానీ నౌకరి పోతే వాళ్ల నాయన తయారుగా ఉన్నాడు, తక్కెడ ముందు కూర్చోబెట్టడానికి. జీవితమంతా పప్పు తూచడమంటే ఆయనకు ఉరిశిక్షతో సమానం.

ఆ పొద్దున్న చాయ్ వేళ పెద్ద గడ్డం సారు నన్ను నీళ్ల కుండ దగ్గరికి పిలిచారు.

"ఇయ్యాల ఆయన ఏం చెప్తడంటవ్?"

"రోజు చెప్పేదే సార్."

"గదే, మొత్తం ఒక్కసారి చెప్పు. ముందుగాల ఆయన వాదన నేనే చెప్పి, తర్వాత నరుకుత. ఇంక ఆయనకు చెప్పేదానికి ఏం మిగులది."

చెప్పాను. కుండలో నీళ్లు తగ్గకముందే చిన్న గడ్డం సారు అదే కుండ దగ్గరికి పిలిచారు. అదే ప్రశ్న, అదే ఎత్తు. ఆయనకూ చెప్పాను. "సార్, అర్ధగంటే ఉన్నది" అని ఇద్దరికీ గుర్తుచేశాను. "మాకు తెల్వదా" అని ఇద్దరూ ఒకేలా అన్నారు.

హాలు నిండా పిల్లలు. ముందు కుర్చీల్లో పటేలు, ప్రొఫెసరు. ప్రశ్న పటేలే పెట్టాడు.

"మా ఊర్ల ఇద్దరన్నదమ్ములున్నరు. ఒక్క తండ్రి భూమే, చెరి సగం. ఒక్క బాయి నీళ్లే. పెద్దోడు అల్లమేసి స్లాబిల్లు కట్టిండు. చిన్నోడు ఆ పెద్దోని దగ్గరనే కూలికి పోతున్నడు. ఎందుకట్లయ్యిందో చెప్పుండ్రి."

ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు బయట ఉండాలన్నారు. మొదట పెద్ద గడ్డం సారు. ప్రొఫెసరు గడియారం చూసి వేలెత్తితే నేను గంట కొట్టాలి.

"దీనికి కొందరు ఏమంటరంటె" అని మొదలుపెట్టారు సారు. పెద్దన్న నమ్మకం, పొద్దున్నే లేవడం, పనిని పూజలాగా చేయడం, వచ్చిన రూపాయి తాగకుండా మళ్లీ భూమిలో పెట్టడం, ఎన్నడూ వేయని పంట వేసే దమ్ము. ఒక్కొక్కటి ముత్యాల్లాగా వస్తున్నాయి. ఏళ్ల తరబడి విన్న సరుకు, ఎక్కడా తడబాటు లేదు. పిల్లలు కదలడం లేదు. నేను మాత్రం గడియారం చూస్తున్నాను. నరకడం ఇంకా మొదలే కాలేదు. నడుమ ఒక చెరకు లారీ కూడా పోయింది.

చివరికి గొంతు సవరించుకుని, రొమ్ము విరుచుకుని, "అయితే" అన్నారు.

ప్రొఫెసరు వేలెత్తాడు. నేను గంట కొట్టాను.

పటేలు కుర్చీలో వెనక్కి వాలి, "ఎంత మంచిగ చెప్పిండు" అన్నాడు. "పేదోడు పేదోనిగ ఎందుకున్నడంటె వాని ఆలోచన గట్లున్నది. నేను ఎన్కటి సంది గదే అంటున్న. ఈయన నిఖార్సయిన మనిషి."

సారు వేదిక మీదే నిలబడి నోరు తెరిచి మూశారు, లారీ ఇంకా పోనట్టుగా.

తర్వాత చిన్న గడ్డం సారు వచ్చారు. ఆయనకు లోపల జరిగింది తెలియదు. "దీనికి కొందరు ఏమంటరంటె" అనే మొదలుపెట్టారు. విత్తనానికి పైసలు ఇచ్చిన సేటు ఎవరు, బావి మీద మోటారు ఎవరిది, చిన్నోడు కూలికి పోతే వాడి చెమట ఎవరి స్లాబులోకి పోయింది, ఆ స్లాబు కింద కూర్చున్నవాడికి తన కష్టమే గొప్పదని ఎందుకు అనిపిస్తుంది, అని చెప్తూ చెప్తూ ఒక ఊపు వచ్చింది ఆయనకు. వెనక బెంచీలో రాయికోడ్ పిల్లలు చప్పట్లు కొట్టారు. పటేలు మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

ఆయన కూడా "అయితే" దాకా వచ్చారు. వేలు లేచింది. గంట మోగింది.

"ఇన్నేండ్ల సంది నా గోదాముల గీ మనిషిని పెట్టుకున్ననా" అన్నాడు పటేలు. "ఈయనకు సెలవిప్పియ్యుండ్రి. ఆ మొదటాయన ఉంటడు."

అంటే ఏమైందో చూడండి. కూలోళ్ల పక్షం మాట్లాడే మనిషికి, కూలోళ్లకు బుద్ధి లేదని చెప్పినందుకు నౌకరి దొరికింది. నమ్మకమే గొప్పదనే మనిషికి, పటేలు చెమట లెక్క తీసినందుకు నౌకరి పోయింది.

ప్రొఫెసరు సంచి మోసుకుని జీపు దాకా పోయాను. ఉండబట్టలేక అడిగాను. "సార్, ఇద్దరు ఉల్టా చెప్పిన్రు. మీకు తెల్సా?"

ఆయన జీపెక్కి కండువా సర్దుకున్నాడు. "నాకు తెల్సు. మీ సెక్రటరీకి తెల్వకుంటె సాలు." ఆగి, "ఎదుటోని మాట గింత మంచిగ చెప్పేటోళ్లు మా పట్నంల గూడ లేరు. ఎవరు నేర్పిన్రు వీళ్లకు?" అన్నాడు. నేను చాయ్ అన్నాను. ఆయన నవ్వాడు గానీ నమ్మలేదు.

తిరిగి గదిలోకి వచ్చేసరికి ఇద్దరూ వీపు వీపు పెట్టుకుని కూర్చున్నారు. పెద్ద గడ్డం సారే మొదలుపెట్టారు.

"ఆయనకు చెప్పు. ఈ నౌకరి ఆయన మాటకు వచ్చింది, నాకు గాదు. నేను పోయి పటేలుకు ఉన్నదున్నట్టు చెప్పొస్త."

బల్ల తిరిగి పోయి చెప్పాను. ఈసారి అల్లం కలపలేదు.

చిన్న గడ్డం సారు స్టీలు గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. ఆ గ్లాసులో ఆయనకు తక్కెడే కనబడి ఉంటుంది. "ఆయనకు చెప్పు" అన్నారు. "పోయి చెప్తె ఆయన పెండ్లి పోతది, నాకు నౌకరి రాదు. పటేలు ఇద్దర్ని ఎల్లగొడ్తడు. గీ మాత్రం లెక్క తెల్వనోడు లోకానికి లెక్కలు చెప్తడా? గాడిద. నోరు మూసుకొని ముహూర్తం పెట్టుకొమ్మను."

ఇన్నేళ్లలో మొదటిసారి నేను తిట్టు తీసేయలేదు. గాడిదతో సహా అందించాను. అసలు సరుకంతా దాంట్లోనే ఉందనిపించింది. పెద్ద గడ్డం సారు విని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. ఆ రోజు డబ్బా తెరవలేదు, కానీ అది మరిచిపోయి కాదు.

చిన్న గడ్డం సారు కొన్నాళ్లు తక్కెడ ముందు కూర్చున్నారు. నేను పప్పు కొనడానికి పోతే తూస్తూ తూస్తూ ఆగి, పెద్ద గడ్డం వాదన గురించి ఏదో ఒకటి అడిగేవారు. అంతలో ఆ ప్రొఫెసరు కబురు పంపాడు. పట్నంలో ఆయన కాలేజీలో ఖాళీ ఉందట, అయితే పెద్ద గడ్డం పాఠమే చెప్పాలట. ఇక్కడేమో పటేలు, మొదటాయన చిన్న గడ్డం పాఠమే చెప్పాలన్నాడు. బతికినంతకాలం ఇద్దరూ ఎదుటివాడి దేవుడికే దీపం పెట్టాల్సి వచ్చింది. ఫొటోలు మార్చే పని కూడా నా మీదే పడింది. పెద్ద గడ్డాన్ని పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పట్నం తీసుకుపోయాను. పక్క సీటు ముసలమ్మ తొంగిచూసి, "మీ తాతనా బిడ్డ" అంది. అవునన్నాను. చీరకొంగుతో ఆయన మొహం మీది దుమ్ము తుడిచింది.

పెళ్లి కోహీర్‌లో అయ్యింది. చిన్న గడ్డం సారు పట్నం నుంచి వచ్చారు. బంతిలో ఎట్లా కుదిరిందో గానీ పెళ్లికొడుకు పక్క విస్తరే ఆయనకు దొరికింది. నేను పప్పు బకెట్టు, గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాను. ఇద్దరూ విస్తరి వైపే చూస్తున్నారు. నేను ముందుకు రాగానే పెళ్లికొడుకు గొంతు తగ్గించి మొదలుపెట్టారు.

"ఇగో, ఆయనకు చెప్పు, వచ్చినందుకు శాన సంతోషమైందని."

"మీరే చెప్పుకోండ్రి సార్" అన్నాను. "నా చేతుల పప్పున్నది."

ఇద్దరూ నా గరిటె వైపు చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు మొదలుపెట్టాలో తెలియక పెళ్లికొడుకు గారె సగం కొరికి విస్తరిలో పెట్టి, ఎవరితోనో తెలియనట్టు అన్నారు.

"గారెలల్ల అల్లం ఎక్కువైంది."

"కోహీరోళ్లు అల్లం పండిస్తరు, అందుకే ఎక్కువేస్తరు" అన్నారు చిన్న గడ్డం సారు.

"గదెట్ల? ఎక్కువ తినాల్నన్న కోరిక ఉండవట్కె పండిస్తున్రు."

"కోరిక ఏడికెళ్లొచ్చింది? చేన్లకెళ్లి."

"చేన్ల మొదలు ఏసినోడెవడు మరి?"

ఇద్దరూ ఎదుటివాడి పక్షమే వాదిస్తున్నారన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. పెళ్లికూతురు తల దించుకుని నవ్వుతోంది. వెనక బంతికి నిలబడినవాళ్లు గొణుగుతున్నారు. మాట వేడెక్కే కొద్దీ చిన్న గడ్డం సారు చేయి తెలియకుండానే కదిలింది. పెళ్లికొడుకు విస్తరిలోకి పోయి, ఆయన సగం కొరికి పెట్టిన గారెను తీసుకుంది. నోట్లో వేసుకుని, నమిలి, "దమ్ము ఒక్కటే సాలదు గదా" అంటూ వాదన అందుకున్నారు.

ఎవరూ చూడలేదు. నేను చూశాను. ఆ ఒక్క కబురు మాత్రం ఎవరికీ అందించకుండా పప్పు బకెట్టుతో ముందుకు పోయాను.